రేవు నుంచి వెనక్కి లెక్కించండి: దూర ద్వీప విహారంపై అపోహలు, వాస్తవాలు

కుటుంబాలకు దూరదేశ విహారయాత్రలు కుదిర్చిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఒకే వరుసలో ఆలోచిస్తారు. ముందు ఫొటో చూసి దీవిని ఎంచుకుంటారు, తర్వాత చౌకగా దొరికిన విమాన టికెట్లు కొనేస్తారు, విమానాశ్రయం నుంచి ఆ దీవికి ఎలా చేరాలన్నది ఆఖరున అడుగుతారు. ఈ వరుసను తిరగేయమని నేను ప్రతిసారీ చెబుతాను. దీవి రేవులో ఏ నెలలో, ఏ వేళకు అడుగుపెట్టాలన్నది ముందు తేల్చుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే, ఎక్కవలసిన పడవా, దానికి ముందు దిగవలసిన విమానమూ వాటంతటవే తేలతాయి. కింద చెప్పబోయే అపోహల్లో సగం ఈ వరుస తప్పినందువల్ల ఖరీదైనవిగా మారినవే.

అపోహ: విమానం ఏ వేళకు దిగినా ఆ రాత్రికే రిసార్టుకు చేరుకోవచ్చు.

మాల్దీవుల విషయంలో ఈ నమ్మకానికి మూల్యం ఒక రాత్రి గది అద్దె. దాదాపు 1,200 దీవులున్న ఆ దేశంలో అంతర్జాతీయ విమానాలు ప్రధానంగా రాజధాని మాలే పక్కనున్న వెలానా విమానాశ్రయంలో దిగుతాయి. దూరపు రిసార్టులలో చాలావాటికి అక్కడి నుంచి నీటి మీద దిగే చిన్న విమానమైన సీప్లేన్‌లో వెళ్లాలి. పైలట్ నీటిని కళ్లతో చూస్తూ దిగవలసి ఉంటుంది కాబట్టి సీప్లేన్లు పగటి వెలుతురులో మాత్రమే తిరుగుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగేవారికి ఆ రోజు సీప్లేన్ దొరకదని అనుకుని ప్రణాళిక వేసుకోవడమే మంచిది. లేకపోతే మాలేలోనో పక్క దీవి హుల్‌హుమాలేలోనో రాత్రి గడపాలి, రిసార్టులో ఆ రాత్రికి కట్టిన సొమ్ము సాధారణంగా తిరిగి రాదు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు ఉంటుంది: అంతర్జాతీయ విమానం తెల్లవారుజామునే బయలుదేరితే, ముందు రోజు సాయంత్రానికే దీవిని విడిచి రావాలి.

రాత్రి విమానం తప్పనిసరైనప్పుడు మాలేకు దగ్గరగా ఉండి స్పీడ్ బోటుతో చేరగలిగే రిసార్టును ఎంచుకోవడం నాకు తెలిసిన సులువైన మార్గం. సీప్లేన్ ఎక్కేవారు సామాను బరువును కూడా ముందే చూసుకోవాలి. మనిషికి సుమారు 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి వరకే సాధారణంగా ఉచితం కాబట్టి, పెద్ద విమానంలో ఇబ్బంది లేకుండా వచ్చిన సామానుకు ఇక్కడ అదనపు రుసుము పడవచ్చు. ఇంకొక చిన్న విషయం ఏమిటంటే, చాలా రిసార్టులు అతిథులకు సాయంత్రపు వెలుతురు ఎక్కువసేపు దక్కాలని తమ గడియారాలను మాలే కంటే ఒక గంట ముందుకు జరుపుకుంటాయి. సీప్లేన్ వేళ చెప్పినప్పుడు అది దీవి సమయమా, మాలే సమయమా అని అడగడం మరచిపోవద్దు.

ఈ ఇబ్బంది మాల్దీవులకే పరిమితం కాదు. ఫిజీలో అంతర్జాతీయ విమానాశ్రయమున్న నాడీ పట్టణం దగ్గరి రేవు నుంచి యసావా దీవులన్నిటినీ చుట్టివచ్చే పడవ ఉదయమే బయలుదేరుతుంది కనుక, మధ్యాహ్నం దిగిన కుటుంబం ఆ రాత్రి నాడీలోనే ఉండిపోవాలి. పసిఫిక్ సముద్రంలోని ఫ్రెంచ్ పాలినీషియాకు చెందిన బోరా బోరాలో విమానాశ్రయమే ఒక చిన్న దిబ్బ దీవి మీద ఉంటుంది. అక్కడ ఏ హోటలుకు వెళ్లాలన్నా పడవ ఎక్కవలసిందే.

అపోహ: ఉష్ణమండల దీవుల్లో ఏడాది పొడవునా ఒకే వాతావరణం ఉంటుంది.

నేను అందరికంటే ఎక్కువసేపు వాదించేది ఈ అపోహతోనే. దేశం పేరు చెప్పి "ఎప్పుడు వెళ్లాలి?" అని అడిగితే సరైన సమాధానం రాదు, ఏ తీరమో కూడా చెప్పాలి. థాయిలాండ్‌లో పశ్చిమాన అండమాన్ సముద్రంలో ఉన్న ఫుకెట్‌కు వానలు మే నుంచి అక్టోబరు వరకు పడితే, తూర్పున సింధుశాఖలో ఉన్న కో సముయి అక్టోబరు నుంచి డిసెంబరు వరకే ఎక్కువగా తడుస్తుంది. అంటే నవంబరులో ఒక తీరం తేరుకుంటూ ఉండగా రెండోది వానలో ఉంటుంది. మారిషస్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ వ్యాపార పవనాలు తూర్పు తీరాన్ని గట్టిగా తాకుతాయి, మధ్యలోని కొండల చాటున ఉన్న పశ్చిమ తీరం అదే సమయంలో ప్రశాంతంగా ఉంటుంది. చిన్నపిల్లలు నీటిలో ఆడాలనుకుంటే ఆ నెలల్లో పశ్చిమాన్నే తీసుకోమంటాను. సీషెల్స్‌లోనూ మే నుంచి సెప్టెంబరు మధ్య అవే గాలులు ఆగ్నేయ తీరాలకు సముద్రపు నాచును తెచ్చి పోస్తాయి, అప్పుడు మాహే దీవికి వాయవ్యంగా ఉన్న బో వాలోన్ తీరం నిలకడగా ఉంటుంది.

తుఫానుల సంగతి వేరు. భూమధ్యరేఖకు సుమారు 5 డిగ్రీల లోపు, భూభ్రమణం గాలికి ఇచ్చే మెలిక బలహీనంగా ఉండటం వల్ల, తుఫానులు ఏర్పడటం చాలా అరుదు. అందుకే మాల్దీవుల దక్షిణ భాగానికీ సీషెల్స్ ప్రధాన దీవులకూ ఆ భయం తక్కువ. మారిషస్, ఫిజీలకు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. ఫిజీని తీవ్రంగా దెబ్బతీసిన విన్‌స్టన్ తుఫాను 2016 ఫిబ్రవరిలో వచ్చింది. కరిబియన్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది, సెప్టెంబరు 10 ప్రాంతంలో అది ఉచ్చస్థితికి చేరుతుంది. దక్షిణాన ఉన్న అరూబా, బొనేర్, కురసావ్ దీవులకు హరికేన్లు నేరుగా తగలడం అరుదు కాబట్టి, ఆ నెలల్లో కరిబియన్‌కే వెళ్లాలని పట్టుబట్టేవారికి నేను వాటినే సూచిస్తాను.

అపోహ: పిల్లలతో వెళ్తే నీటి మీది విల్లాయే తీసుకోవాలి, అసలు సరదా అంతా అందులోనే ఉంది.

ఈ విల్లాలు పుట్టిన చోటు ఫ్రెంచ్ పాలినీషియాలోని రాయాటియా. ఇసుక తీరాలు దాదాపు లేని ఆ దీవిలో 1967లో మొదటిసారి నీటి మీద గదులు కట్టారు. అంటే ఇసుక లేని లోటును తీర్చడానికి పుట్టిన గది ఇది, పిల్లలకు కావలసిందేమో ముఖ్యంగా ఇసుకే. రెయిలింగ్ లేని చెక్క వేదిక, దాని కింద లోతు నీరు, గదిలోంచి నేరుగా సముద్రంలోకి దిగే మెట్లు ఉన్నచోట నాలుగేళ్ల పిల్లవాడితో తల్లిదండ్రులు ఒక్క క్షణం కూడా కన్ను మూయలేరు. కొన్ని రిసార్టులు నిర్ణీత వయసు లోపు పిల్లలను ఈ విల్లాల్లోకి అనుమతించవు, కొన్ని బాధ్యత మాదేనని తల్లిదండ్రులతో సంతకం చేయించుకుంటాయి. మోజు తీరకపోతే చివరి రెండు రాత్రులు మాత్రం అక్కడ ఉండి, మిగతా రోజులు తీరపు విల్లాలో గడపవచ్చు.

అపోహ: ఆల్ ఇన్‌క్లూజివ్ అంటే ఇక జేబులో చేయి పెట్టనక్కర్లేదు.

'అన్నీ కలిపిన ధర' అనే అర్థమున్న ఆ మాట భోజనానికీ పానీయాలకే ఎక్కువగా వర్తిస్తుంది. సీప్లేన్ లేదా పడవ ఛార్జీ, కొన్ని రెస్టారెంట్లు, విహారాలు, డిసెంబరు చివరి వారంలో తప్పనిసరిగా కట్టించుకునే ప్రత్యేక విందులు తరచుగా లెక్కకు బయటే ఉంటాయి. మాల్దీవుల రిసార్టుల్లో 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ (పర్యావరణ పన్ను) ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు మినహాయింపు పోను, నలుగురికి ఏడు రాత్రులకు అది 336 డాలర్లవుతుంది. అది కాక బిల్లు మీద సేవా రుసుము 10 శాతం, పర్యాటక వస్తుసేవల పన్ను 17 శాతం వేరుగా ఉంటాయి. కాబట్టి ధరలను పోల్చేటప్పుడు పన్నులూ రవాణా కలిపిన మొత్తాన్నే పోల్చాలి. పిల్లవాడు అంటే పదకొండేళ్ల వరకా, పదిహేనేళ్ల వరకా అన్నది కూడా ఒక్కో రిసార్టులో ఒక్కో విధంగా ఉంటుంది.

అపోహ: ఒడిలో కూర్చునే పసిబిడ్డకు రానూ పోనూ తక్కువ ఛార్జీయే పడుతుంది.

ఆ సౌకర్యం రెండేళ్లు నిండే వరకే. యాత్ర మధ్యలో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి ప్రత్యేక సీటు కొనాలి. విమానంలో ఇచ్చే ఉయ్యాలకు బరువు పరిమితి ఉంటుంది, అది ముందు వరుసల్లో కొన్ని సీట్లకే అమరుతుంది. పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం వెంట ఉంచుకోవాలి. విమానం మారే దేశాన్ని కూడా మరువకూడదు. లాస్ ఏంజెలెస్ మీదుగా తాహితీకి వెళ్లేవారు, రెండు గంటలు ఆగి వెళ్లిపోయేవారైనా సరే, అమెరికా వీసా గానీ ముందస్తు ప్రయాణ అనుమతి గానీ పొంది ఉండాలి.

అపోహ: మబ్బు పడితే ఎండ తగలదు, రాత్రి దోమతెర ఉంటే చాలు.

పలుచని మబ్బుల గుండా అతినీలలోహిత కిరణాలు చాలావరకు వచ్చేస్తాయి. గొట్టంతో ఊపిరి పీలుస్తూ ముఖం నీటిలో ఉంచి ఈదే స్నార్కెలింగ్ చేసే పిల్లలకు ముఖం కంటే వీపే ముందు కాలుతుంది, అందుచేత పొడుగు చేతుల ఈత చొక్కా ఏ లేపనం కన్నా నమ్మదగినది. సన్‌స్క్రీన్ వాడితే దాని మీద రాసిన రసాయనాల పేర్లు చదవాలి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి 2021లో ఆపేసింది. డెంగీని మోసే ఏడిస్ దోమ కుట్టేది పగటిపూటే. 2015లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందిన మాల్దీవుల్లోనూ డెంగీ ఉంది. వనువాటు, సాలమన్ దీవుల్లో మలేరియా కూడా ఉన్నందున, అక్కడికి వెళ్లే ముందు వైద్యుణ్ణి కలవడం అవసరం.

అపోహ: తుఫాను వస్తుందన్న వార్త విన్నాక ప్రయాణ బీమా తీసుకున్నా సరిపోతుంది.

తుఫానుకు పేరు పెట్టిన తర్వాత కొన్న పాలసీ సాధారణంగా ఆ తుఫాను వల్ల కలిగిన నష్టాన్ని చెల్లించదు, ఎందుకంటే బీమా సంస్థ దృష్టిలో అది అప్పటికే తెలిసిన ప్రమాదం. అందుచేత మొదటి విడత సొమ్ము కట్టిన రోజునే బీమా తీసుకోవాలి. అందులో అత్యవసర వైద్య తరలింపు ఉందో లేదో చూడాలి, ఎందుకంటే చిన్న దీవిలో ఆసుపత్రి అంటే చాలాసార్లు ఒక వైద్యుడూ ఒక గదీ మాత్రమే. గాలి సిలిండరుతో నీటి లోతుకు దిగే స్కూబా డైవింగ్ చేయాలనుకునేవారు పాలసీలో అది కూడా ఉందేమో చూసుకుని, చివరి రోజున మాత్రం నీటిలోకి దిగకూడదు: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి, ఆ లెక్క సీప్లేన్‌కూ వర్తిస్తుంది.