రెండాకులు ఎలా మొలిచాయంటే

పెరంబూరు, చెన్నై

చిన్నూ, అమ్ములూ,

మొన్న వార్తలు చూస్తూ ఫోనులో అడిగారు గుర్తుందా, "గెలిచి గద్దె మీదున్న పార్టీని వదిలి కొత్త పార్టీ ఎందుకు పెడతారు తాతయ్యా?" అని. ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను గానీ మనసొప్పలేదు. నా కళ్ల ముందు జరిగిందే ఒకటుంది, అది రాస్తాను.

1972 అక్టోబరు. నాకు పదిహేనేళ్లు. ఇక్కడ డీఎంకే ప్రభుత్వం, ముఖ్యమంత్రి కరుణానిధి. ముందు ఏడాదే 234 సీట్లకు 184 గెలిచారు. పార్టీ కోశాధికారి ఎం.జి.ఆర్., పెద్ద సినిమా హీరో. రిక్షావాళ్లు ఆయన్ని "వాద్యార్" అనేవాళ్లు, అంటే పంతులుగారు. వాళ్లకు వానకోట్లు పంచిన మనిషి మరి.

ఆ నెలలో తిరుక్కళుకుండ్రం సభలో ఆయన లేచి, మంత్రులు, జిల్లా కార్యదర్శులు ఆస్తుల లెక్కలు చెప్పాలి, పార్టీ లెక్కలూ బయటపెట్టాలి అన్నారు. 1971లో మద్యనిషేధం ఎత్తేయడం కూడా ఆయనకు నచ్చలేదు. వారం తిరక్కుండా పార్టీ నుంచి తీసేశారు. 17వ తేదీన ఆయన కొత్త పార్టీ అన్నా డీఎంకే పుట్టింది.

ఆ వారం మా ఇంట్లో అన్నం సయించలేదు ఎవరికీ. నాన్న తెలుగు పుస్తకాల ప్రెస్సులో కంపోజిటరు, డీఎంకే పెట్టిన అన్నాదురై అంటే ప్రాణం. బాబాయి ఎం.జి.ఆర్. రసిగర్ మన్రంలో, అంటే అభిమాన సంఘంలో మెంబరు. "అడిగితే పంపించేస్తారా? అడగడం తప్పా?" అని బాబాయి. "డబ్బు పెట్టె తాళం ఆయన దగ్గరే కదరా, కోశాధికారే లెక్కలు అడిగితే చెప్పాల్సింది ఎవరు?" అని నాన్న. అప్పుడు ఎవరిది రైటో నాకు తేలలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, ఇద్దరివీ అడగాల్సిన ప్రశ్నలే. బాబాయి ప్రశ్నకు పార్టీ జవాబు చెప్పలేదు, నాన్న ప్రశ్నను బాబాయి వినిపించుకోలేదు.

ఇంకో సంగతి మీరు బాగా పట్టుకోవాలి. మామూలుగా కొత్త పార్టీకి ఊరూరా శాఖలు పెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇక్కడ రసిగర్ మన్రాలే పార్టీ శాఖలైపోయాయి. నిన్నటిదాకా సినిమా రిలీజుకు తోరణాలు కట్టిన కుర్రాళ్లే జెండా పట్టుకున్నారు. ఎరుపు, నలుపు, మధ్యలో తెల్లగా అన్నాదురై బొమ్మ. చూశారా, విడిపోయినవాళ్లు కూడా పాత ఇంటి పెద్ద బొమ్మనే పట్టుకెళ్లారు. మేమే అసలు వారసులం అని చెప్పుకోవాలిగా!

1973లో దిండిగల్ ఉపఎన్నికలో రెండాకుల గుర్తు వచ్చింది, గెలిచారు. చదువు రానివాళ్లకు చెప్పడం ఎంత తేలికో చూడండి, రెండు వేళ్లు ఎత్తి చూపిస్తే చాలు. మా సందు గోడ మీద బాబాయి ఆ ఆకులు వేస్తుంటే పచ్చ రంగు డబ్బా నేనే పట్టుకున్నాను. నాన్న చూసి కూడా ఏమీ అనలేదు.

1977లో ఎం.జి.ఆర్. ముఖ్యమంత్రి అయ్యారు. 1982లో పెట్టిన బడి భోజనం పథకం గొప్ప పని, మన వీధి పిల్లలెందరో ఆ కంచం కోసమే బడికెళ్లారు. కానీ లెక్కలడిగి పుట్టిన పార్టీలో ఆయన్ని లెక్కలడిగే మనిషి లేకుండా పోయాడు. అది నాకు ఇప్పటికీ బాధే. అంతా ఒక్క మొహం మీదే నిలబడింది.

1987 డిసెంబరులో ఆయన పోయారు. నెల తిరక్కుండానే పార్టీ రెండు ముక్కలు. ఒకవైపు భార్య జానకి, ఇంకోవైపు జయలలిత. ఎవరికీ ఇవ్వకుండా రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం ఆపేసింది. 1989 ఎన్నికల్లో ఒకరికి జంట పావురాలు, ఒకరికి కోడిపుంజు.

ఆ రోజు మా సందు చివర ఇస్త్రీ బండి అవ్వను ఓటుకి నేనే తీసుకెళ్లాను. బయటికొచ్చి వేలి మీద సిరా ఆరకముందే నా చెయ్యి పట్టుకుంది. "పైనుంచి కిందిదాకా వెతికాను నాయనా, మన ఆకులు లేవే" అంది. ఎవరికి వేశావవ్వా అని అడగలేకపోయాను.

తాతయ్య