ఇంటి పరీక్ష చాలా, కొలనోస్కోపీ కావాలా?

పెద్దపేగు క్యాన్సర్ చాలా నిదానంగా తయారయ్యే జబ్బు. ముందు పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న బుడిపె మొలుస్తుంది. ఒక్కోటి పుట్టగొడుగులా కాడతో లేస్తుంది, ఒక్కోటి పొరకు అతుక్కుని చదునుగా ఉండిపోతుంది. వాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా సాధారణంగా పదేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. స్క్రీనింగ్ అంటే ఈ గడువును వాడుకోవడమే. ఆ పదేళ్లలో మనిషికి కడుపునొప్పి కూడా రాకపోవచ్చు కాబట్టి, ఒంట్లో ఏ బాధా లేనప్పుడే వెతకాలి. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. చిన్న వయసులోనూ కేసులు పెరుగుతుండటంతో అమెరికాలో ఇలాంటి పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2021లో ఆ వయసును 50 నుంచి 45కి తగ్గించింది. ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి కిట్ ఇంటికే వస్తుంది.

ఆ కిట్‌లో ఉండేది ఫిట్ అనే మలపరీక్ష. వేలెడంత సీసా, దాని మూతకే అతికి ఉన్న పుల్ల, పుల్ల కొసన సన్నటి గాట్లు, అంతే. మలం నీళ్లలో పడకుండా కాగితం మీద పట్టి, పుల్లతో పైపైన నాలుగైదు చోట్ల గీకాలి. గాట్లు నిండితే చాలు. ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదనుకుని ముద్దగా తీస్తే లెక్క తప్పుతుంది. పుల్లను తిరిగి సీసాలోకి దూర్చి, మూత బిగించి, తేదీ రాసి పంపేయడమే. తేదీ రాయడం మర్చిపోతే ల్యాబ్ ఆ నమూనాను పక్కన పడేయవచ్చు. మొహం చిట్లించుకుంటూ చేసినా రెండు నిమిషాల పని.

ల్యాబ్‌లో వెతికేది కంటికి కనపడనంత రక్తం. క్యాన్సర్ గడ్డలు, పెద్ద పాలిప్‌లు మలం రాసుకున్నప్పుడల్లా కొద్దికొద్దిగా రక్తం కారుస్తుంటాయి. మనిషి హిమోగ్లోబిన్‌కు మాత్రమే అంటుకునే యాంటీబాడీలతో ఆ జాడను పట్టుకుంటారు. పాతకాలపు పరీక్షకు ఈ తెలివి లేదు. మాంసంలోని రక్తానికీ అది స్పందించేది, విటమిన్ సి ఎక్కువైతే ఉన్న రక్తాన్నీ పట్టలేకపోయేది. అందుకే అప్పట్లో పరీక్షకు ముందు పథ్యం ఉండేది. ఫిట్‌కు ఆ పథ్యం అక్కర్లేదు. పైగా కడుపులోనో, చిన్నపేగులోనో కారిన రక్తంలోని హిమోగ్లోబిన్ దారిలోనే చాలావరకు అరిగిపోతుంది. కాబట్టి ఫిట్ పాజిటివ్ అంటే ముందుగా చూడాల్సింది పెద్దపేగునే.

దీని బలహీనత కూడా ఆ రక్తంలోనే ఉంది. కారని పాలిప్ ఈ పరీక్షకు లేనట్టే. కారేది కూడా రోజూ కారదు. 2014లో దాదాపు 10,000 మంది మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అందరికీ మలపరీక్షలూ చేశారు, మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ కూడా చేశారు. కొలనోస్కోపీలో 65 మందికి క్యాన్సర్ బయటపడితే ఫిట్ వాళ్లలో 48 మందిని పట్టుకుంది. క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువున్న పాలిప్‌ల విషయంలో మాత్రం నూటికి 24 మందినే పసిగట్టింది. అంటే ఒక్కసారి చేయించుకుని వదిలేస్తే నలుగురు క్యాన్సర్ రోగుల్లో ఒకరు తప్పించుకుపోతారు. ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మళ్లీ చేస్తేనే దీనికి విలువ. ఈసారి జారిపోయినది వచ్చేసారి దొరకొచ్చు, జబ్బు నిదానం కాబట్టి వచ్చేసారికి చాలామటుకు ఆలస్యం కాదు.

అదే అధ్యయనంలో డీఎన్‌ఏ మలపరీక్షను కూడా పోల్చి చూశారు. పేగు గోడ నుంచి రాలిన కణాల్లో క్యాన్సర్ జన్యు మార్పుల కోసం వెతికే పరీక్ష ఇది. దాంట్లో ఫిట్ కూడా కలిసే ఉంటుంది. 65లో 60 పట్టింది. కానీ కొలనోస్కోపీలో ఏమీ కనపడనివాళ్లలోనూ నూటికి 10 మందికి పాజిటివ్ వచ్చింది, ఫిట్‌తో అయితే 4 కంటే తక్కువే. ఆ పది మందికీ కొన్ని వారాల టెన్షన్, ఒక కొలనోస్కోపీ ఊరికే. ఈ మధ్య రక్తపరీక్షలు కూడా వచ్చాయి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన ఒకటి క్యాన్సర్‌ను నూటికి 83 మందిలో కనిపెట్టింది గానీ, ముదిరే పాలిప్‌లను 13 మందిలోనే. క్యాన్సర్ రాకముందే ఆపుదామనుకునేవాళ్లకు ఇప్పటికి ఇది పెద్దగా పనికొచ్చేది కాదు.

ఇక కొలనోస్కోపీ. అందరూ భయపడేది గొట్టానికి, నిజంగా కష్టపెట్టేది ముందురోజు. అన్నం, కూరలు మానేసి, పలచటి ద్రవాలే తాగుతూ, విరేచనాల మందును లీటర్ల లెక్కన తాగాలి. ఇప్పుడు దాన్ని రెండు భాగాలు చేసి, సగం సాయంత్రం, సగం పరీక్షకు కొన్ని గంటల ముందు తాగిస్తున్నారు, పేగు అలా అయితేనే బాగా శుభ్రమవుతుంది. బయటికొచ్చేది లేత పసుపు నీళ్లలా తేటగా అయ్యేదాకా ఆగకూడదు. ఇక్కడ బద్ధకిస్తే డాక్టర్‌కు కనపడేది పేగు గోడ కాదు, దాని మీది మడ్డి. చాలాచోట్ల మత్తు ఇచ్చే చేస్తారు కాబట్టి పరీక్ష సంగతి చాలామందికి గుర్తుండదు. ఆరోజు బండి నడపకూడదు, ఇంటికి తీసుకెళ్లడానికి తోడు ఉండాలి.

దీని గొప్పతనం, చూడటమూ తీసేయడమూ ఒకేసారి అయిపోవడం. న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా 1969లో మొదటిసారి గొట్టంలోంచి తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను కోసి తీశారు. అంతకుముందు అలాంటిదానికి కడుపు కోయాల్సి వచ్చేది. ఇప్పుడు పాలిప్ మొదలు చుట్టూ ఉచ్చు బిగించి తెంపేస్తారు. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. ఏమీ దొరక్కపోతే, మామూలు రిస్క్ ఉన్నవాళ్లు మళ్లీ పదేళ్ల దాకా రానక్కర్లేదు.

అలాగని తిరుగులేనిదేం కాదు. పేగుకు చిల్లు పడటం 10,000 పరీక్షల్లో సుమారు 3 సార్లు, పెద్ద రక్తస్రావం సుమారు 15 సార్లు జరుగుతుందని అంచనా. వయసు మీదపడ్డవాళ్లలో, పాలిప్‌లు తీసినప్పుడు ఇవి ఎక్కువ. ఒకే మనిషికి వెంటవెంటనే రెండుసార్లు చేసి చూసిన అధ్యయనాల్లో మొదటిసారి దాదాపు నాలుగింట ఒక పాలిప్ కళ్లుగప్పిందని తేలింది, ఎక్కువగా చిన్నవే. చేసే చేతిని బట్టి కూడా ఫలితం మారుతుంది. డాక్టర్ పరీక్షించినవాళ్లలో ఎంతమందిలో అడినోమా అనే రకం పాలిప్ కనిపెడుతున్నారన్నదే ఇక్కడ అసలు కొలత. ఆ శాతం ఒకటి పెరిగితే ఆ పేషెంట్లకు తర్వాత క్యాన్సర్ వచ్చే రిస్క్ 3 శాతం తగ్గుతుందని 2014లో లెక్కతేలింది. ఆ శాతం ఎంతని డాక్టర్‌ను అడగడంలో తప్పేమీ లేదు, మంచి డాక్టర్లు దాన్ని దాచరు.

ఏది మేలు అని నేరుగా అడిగితే, స్పెయిన్‌లో 57,000 మందికి పైగా మీద జరిగిన ప్రయోగం జవాబు చెబుతుంది. సగం మందిని ఒకసారి కొలనోస్కోపీకి, సగం మందిని రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. పదేళ్ల తర్వాత పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు కొలనోస్కోపీ వైపు 0.22 శాతం, ఫిట్ వైపు 0.24 శాతం. 2025లో వచ్చిన ఫలితం ఇది. ఒక్క పరీక్షగా చూస్తే అంత వెనకబడ్డ ఫిట్ ఇక్కడ దాదాపు సమానంగా ఎలా నిలబడింది? పిలిచిన అందరూ రాలేదు మరి. కొలనోస్కోపీకి 32 శాతం వస్తే, ఫిట్‌కు 40 శాతం వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012 నాటి మరో ప్రయోగంలో కొలనోస్కోపీ ఒక్కటే చేయించుకోమన్నవాళ్లలో 38 శాతమే పూర్తిచేశారు. మలపరీక్ష చెప్పినవాళ్లలో 67, రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నవాళ్లలో 69 శాతం. నన్నడిగితే నిర్ణయం ఇక్కడే ఉంది. వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ గుర్తుపెట్టుకుని పుల్ల పట్టుకునే మనిషికి ఫిట్ బాగానే సరిపోతుంది. ఒకసారి చేయించుకుని ఆ మాటే మర్చిపోయే రకమైతే, ఆ ఒక్కసారి కొలనోస్కోపీ అయితే మేలు. మీరు ఏ రకమో డాక్టర్ కంటే మీ ఇంట్లోవాళ్లకే బాగా తెలుసు.

ఈ ఎంపిక అందరికీ లేదు. మలంలో రక్తం కనపడుతున్నా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా, బరువు తగ్గుతున్నా అది స్క్రీనింగ్ దాటిపోయిన వ్యవహారం, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. 'పైల్స్ అయ్యుంటాయిలే' అనుకుని ఇంట్లో కిట్ తెచ్చుకుని చూసుకోవడం కుదరదు. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, అదీ 60 లోపు వచ్చి ఉంటే, 40 ఏళ్లకో, వాళ్లకు వచ్చిన వయసు కంటే పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీయే మొదలుపెట్టమంటారు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటి పేగువాపు జబ్బులు, వంశపారంపర్యంగా ఈ క్యాన్సర్ రిస్క్ పెంచే లించ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకూ, ఇదివరకు ముదిరే రకం పాలిప్‌లు తీయించుకున్నవాళ్లకూ ఇంటి పరీక్ష చాలదు.

ఇంటి పరీక్ష ఎంచుకున్నవాళ్లు ముందే ఒప్పుకోవాల్సిన షరతు ఒకటుంది. పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇక్కడే చాలామంది మెలికపెడతారు. ఇంకోసారి ఫిట్ చేసుకుని, నెగటివ్ రాగానే ఊపిరి పీల్చుకుంటారు. గడ్డ రోజూ కారదని పైన చెప్పుకున్నాం కదా, రెండోసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన మొదటి పాజిటివ్ చెరిగిపోదు. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు కాబట్టి ఆ రాత్రే గాభరా పడక్కర్లేదు. కానీ వాయిదా వేయడానికి హద్దుంది. పాజిటివ్ వచ్చిన సుమారు 70,000 మందిని గమనించిన అమెరికా అధ్యయనంలో, కొలనోస్కోపీ పది నెలలు దాటించినవాళ్లలో క్యాన్సర్, అదీ ముదిరిన దశలో దొరకడం స్పష్టంగా పెరిగింది.