ఓటు లేనివారి ఉత్తరం ఎవరు చదువుతారు? శాంతి కోసం అమెరికా చట్టసభ సభ్యులకు రాయడంపై అపోహలు – వాస్తవాలు

“మాకు ఓటు లేదు కదండీ, మేము రాస్తే ఎవరు చదువుతారు?” ఇజ్రాయెల్–పాలస్తీనా శాంతి ప్రయత్నాలకు మద్దతు ఇవ్వమని అమెరికా చట్టసభ సభ్యులకు ఎలా విన్నవించుకోవాలో చెప్పడానికి నేను ఎక్కడికి వెళ్లినా, అది డాలస్ శివారులోని గుడి భోజనశాల అయినా, తెలిసినవారి ఇంటి హాలు అయినా, మొదటి పది నిమిషాల్లోనే ఈ మాట వినపడుతుంది. అడిగేవారిలో ఎక్కువమంది హెచ్-1బీ మీద ఏళ్ల తరబడి పన్నులు కడుతున్నవారు, గ్రీన్ కార్డు వరుసలో నిలబడినవారు, పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దవారు. నేను ప్రతినిధుల సభ సభ్యుడొకరి వద్ద ఏడేళ్లు పనిచేశాను. మొదటి రెండేళ్లు వాషింగ్టన్ కార్యాలయంలో ఉత్తరాలు చదివి జవాబుల చిత్తుప్రతులు తయారుచేశాను; తర్వాతి ఐదేళ్లు టెక్సాస్‌లోని నియోజకవర్గ కార్యాలయంలో జనం అర్జీలు చూశాను. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వదంతులు మనవారి చేత కలం ఎలా కింద పెట్టిస్తాయో ఆ ఏడేళ్లూ దగ్గరగా చూశాను కనుకనే ఇది రాస్తున్నాను.

అపోహ: పౌరసత్వం లేనివారికి చట్టసభ సభ్యునికి రాసే హక్కు లేదు.

వాస్తవం: ఉంది. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును “ప్రజల” హక్కుగా చెప్పింది; అక్కడ “పౌరులు” అన్న పదమే లేదు. ప్రతినిధుల సభలోని 435 స్థానాలను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు జనగణనలో లెక్కకు వచ్చిన నివాసులందరినీ పరిగణిస్తారు. 2020 జనగణన ప్రకారం ఒక్కో స్థానానికి సగటున 7,60,000 మంది పైచిలుకు వస్తారు. ఆ లెక్కలో మీరూ ఉన్నారు, మీ పిల్లలూ ఉన్నారు, మీతో ఉంటున్న మీ అత్తగారూ ఉన్నారు.

అసలు నన్ను బాధపెట్టే విషయం వేరే ఉంది. ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) ఆలస్యమై ఉద్యోగం పోయేలా ఉన్నప్పుడు, హైదరాబాదు కాన్సులేట్‌లో 221(జి) అనే నిబంధన కింద వీసా ఆగిపోయినప్పుడు, మనవారు మొదట ఫోన్ చేసేది చట్టసభ సభ్యుల కార్యాలయాలకే. తమ ఫైలు చూడడానికి అనుమతినిచ్చే ప్రైవసీ రిలీజ్ ఫారం నింపి, సంతకం చేసి, పాస్‌పోర్టు నకలు జతపరచి పంపిస్తారు. ఐదేళ్లలో నేను అలాంటి అర్జీలు వందల్లో చూశాను. వారిలో ఒక్కరినీ ఓటు ఉందా అని అడగలేదు, అడగకూడదు కూడా. తన వీసా కోసం నిస్సంకోచంగా అదే గుమ్మం ఎక్కిన మనిషి, గాజాలోనూ ఇజ్రాయెల్‌లోనూ ప్రాణాలు పోతున్నాయని చెప్పడానికి తనకు అర్హత లేదని వెనకడుగు వేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఫారం నింపే హక్కూ ఈ ఉత్తరం రాసే హక్కూ ఒకటే. ఓటు లేనివారికి ముఖ్యంగా నిషిద్ధమైనవి రెండు: ఓటు వేయడం ఒకటి, ఎన్నికల విరాళం ఇవ్వడం రెండోది. ఆ రెండో నిషేధం కూడా వీసా మీద ఉన్నవారికే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు విరాళం ఇవ్వవచ్చు.

ఇక భయం సంగతి. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. 2025లో పాలస్తీనా అనుకూల నిరసనల్లో పాల్గొన్న, వ్యాసాలు రాసిన కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేసి, కొందరిని నిర్బంధించారు. అది చూసిన ఎఫ్-1 విద్యార్థి తల్లి గుంటూరులో కూర్చుని నిద్ర పట్టక ఫోన్ చేస్తే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే “కాంగ్రెస్‌మన్‌కు ఉత్తరం రాస్తే పేర్లన్నీ ఇమిగ్రేషన్ వారికి వెళ్లిపోతాయట” అన్న వదంతి మాత్రం నిరాధారం. సమాచార స్వేచ్ఛా చట్టం ప్రభుత్వ శాఖలకు వర్తిస్తుంది, అమెరికన్ కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి చట్టసభకు, వర్తించదు. కనుక ఆ చట్టం పేరు చెప్పి మీ ఉత్తరాన్ని సభ్యుని కార్యాలయం నుంచి ఎవరూ బయటికి తీయలేరు. మీ సొంత వీసా ఫైలు గురించి మేము ఆరా తీయాలన్నా మీ సంతకం లేనిదే ఇమిగ్రేషన్ శాఖ మాకు ఒక్క మాట చెప్పేది కాదు. ఏడేళ్లలో ఉత్తరాలు రాసినవారి పేర్ల జాబితాను ఏ శాఖకైనా పంపమని నన్ను ఎవరూ అడగలేదు. అయినా మనసు ఒప్పకపోతే, మీ కేసు చూస్తున్న ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక మాట అడిగి రాయండి; ఇంట్లో పౌరసత్వం ఉన్నవారు ఉంటే వారి చేత రాయించండి. రాయలేకపోయినంత మాత్రాన మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఒక నర్సు గురించి చెప్పాలి. జగిత్యాల జిల్లా నుంచి వచ్చి గ్రీన్ కార్డు మీద ఇక్కడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆవిడ, ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చి హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. రూళ్ల కాగితం మీద తెలుగులో రాసుకొచ్చారు, అక్కడక్కడ కొట్టివేతలతో. ఆవిడ తమ్ముడు ఇజ్రాయెల్‌లో, రామత్ గన్‌లో, ఒక వృద్ధునికి సేవ చేసే కేర్‌గివర్. సైరన్ మోగినప్పుడల్లా ఆ తాతను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల కిందికి తీసుకువెళ్లి, అక్కడి నుంచి అక్కకు ఒక చుక్క పెట్టి సందేశం పంపుతాడు. చుక్క వస్తే బతికి ఉన్నాడని అర్థం. అదే వార్డులో ఆవిడతో పనిచేసే డాక్టరు పాలస్తీనా అమ్మాయి. ఆమె మేనమామలు గాజాలోని ఖాన్ యూనిస్‌లో ఉండేవారు, వారి నుంచి కబురు రాక వారాలు గడిచిన రోజులు ఉన్నాయి. ఇద్దరూ తెల్లవారుజామున మూడు గంటలకు విరామ గదిలో ఎదురెదురుగా కూర్చుని ఎవరి ఫోన్ వారు చూసుకుంటూ ఉంటారని ఆవిడ రాశారు. “ఒకరి ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడతాం” అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నేను ఒక్క పదం కూడా కలపలేదు. ఆ ఉత్తరానికి ఏమైందో చివర్లో చెబుతాను.

అపోహ: విదేశాంగ విధానం అధ్యక్షుని పని, కాంగ్రెస్ సభ్యులకు రాసి ప్రయోజనం లేదు.

వాస్తవం: చర్చలు నడిపేది అధ్యక్షుడు, డబ్బు మంజూరు చేసేది కాంగ్రెస్. 1979లో ఈజిప్ట్–ఇజ్రాయెల్ శాంతి ఒప్పందం కుదిరినప్పుడు ఆ ఒప్పందం నిలబడడానికి కావలసిన ప్రత్యేక సహాయాన్ని చట్టం చేసి ఇచ్చింది కాంగ్రెస్సే. 2016 ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్‌కు పదేళ్లలో అందవలసిన 3,800 కోట్ల డాలర్ల సైనిక సహాయాన్ని ఏటేటా ఆమోదించేదీ ఆ సభలే. శాంతి కోసం కూడా ఆ సభలు ఒక చట్టం చేశాయన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. 2020 డిసెంబరులో బడ్జెట్ చట్టంలో భాగంగా ఆమోదం పొందిన నీటా లోవీ మధ్యప్రాచ్య శాంతి భాగస్వామ్య చట్టం, వాడుకలో “మెప్పా”, ఇజ్రాయెలీలూ పాలస్తీనియన్లూ కలిసి చేసే పనులకూ పాలస్తీనా ఆర్థికాభివృద్ధికీ ఏడాదికి 5 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్లకు 25 కోట్ల డాలర్లు ఇవ్వాలని నిర్దేశించింది. నీటా లోవీ అప్పట్లో ప్రతినిధుల సభ నిధుల కేటాయింపు సంఘానికి అధ్యక్షురాలు. రెండు పార్టీల వారూ దీనికి మద్దతు ఇచ్చారు.

ఇలాంటి నిధికి నమూనా ఐర్లండ్ నుంచి వచ్చింది. అక్కడ అంతర్జాతీయ నిధి 1986లో ఏర్పడింది, అమెరికా కూడా అందులో డబ్బు వేసింది. ఉత్తర ఐర్లండ్‌లో శాంతి కోసం చేసుకున్న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది 1998లో. అంటే నాయకులు సంతకాలు చేయడానికి పన్నెండేళ్ల ముందే, బాంబులు పేలుతున్న కాలంలోనే, ఇరుపక్షాల మనుషులను ఒకచోట కూర్చోబెట్టే పని మొదలైంది. “ముందు యుద్ధం పూర్తిగా ఆగనివ్వండి, తర్వాత శాంతి గురించి రాద్దాం” అనేవారికి నేను ఈ రెండు తేదీలనే చూపిస్తాను. ఇజ్రాయెల్–పాలస్తీనాల్లో కూడా ఆ మనుషులు ఉన్నారు. బిడ్డలను, తోబుట్టువులను పోగొట్టుకున్న ఇరుపక్షాల కుటుంబాలు కలిసి నడిపే పేరెంట్స్ సర్కిల్ 1995 నుంచి పనిచేస్తోంది. హ్యాండ్ ఇన్ హ్యాండ్ బడుల్లో యూదు పిల్లలు, అరబ్బు పిల్లలు 1998 నుంచి ఒకే గదిలో రెండు భాషల్లో చదువుకుంటున్నారు. ఇజ్రాయెల్‌పై 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడి తర్వాతా, గాజాలో అంతటి ప్రాణనష్టం జరిగిన తర్వాతా వీరు తలుపులు మూసుకోలేదు.

ఇప్పుడు రాయవలసిన అవసరం ఎందుకంటే, మెప్పా నిధుల్లో పెద్ద భాగాన్ని నడిపిన అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలైలో మూతపడి, మిగిలిన పని విదేశాంగ శాఖ చేతికి వెళ్లింది. చట్టంలో రాసిన ఐదేళ్లు కూడా 2025 ఆర్థిక సంవత్సరంతో ముగిశాయి. కాబట్టి “శాంతి కావాలి” అని మాత్రమే రాస్తే సిబ్బంది దాన్ని ఏ గడిలో నమోదు చేయాలో తెలియక పక్కన పెడతారు. ఈ నిధిని కొనసాగించమని, కేటాయింపుల సంఘానికి మీ సభ్యుడు పంపే అభ్యర్థనలో దీన్ని చేర్చమని, కాల్పుల విరమణ నిలబడడానికీ మానవతా సహాయం చేరడానికీ బహిరంగంగా మద్దతు తెలపమని రాయండి. ఆ అభ్యర్థనల గడువు సాధారణంగా వసంతకాలంలో వస్తుంది. మే నెల తర్వాత అందిన ఉత్తరం ఆ ఏటికి ఆలస్యమైనట్టే.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను.

శాంతి కోసం రాస్తే ఒక పక్షం వహించినట్టే అన్నది అపోహ. 2019 డిసెంబరులో రెండు దేశాల పరిష్కారాన్ని సమర్థిస్తూ ప్రతినిధుల సభ 226–188 ఓట్లతో తీర్మానం చేసింది. భారతదేశం పాలస్తీనాను 1988లో గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇద్దరి క్షేమం కోరడం మనకు కొత్త కాదు.

ఒకే నమూనా ఉత్తరాన్ని వెయ్యి మంది పంపితే బలం అన్నది సగం నిజం. అవన్నీ ఒక కట్టగా లెక్కకు వస్తాయి, అంతే. సొంత మాటల్లో రాసిన పది వాక్యాల ఉత్తరాన్ని మాత్రం ఒక మనిషి కూర్చుని చదువుతారు. ఆ మనిషిని నేనే కనుక ధైర్యంగా చెబుతున్నాను.

కాగితం మీద రాసి పోస్టులో పంపితేనే గౌరవం అన్నది ఖరీదైన అపోహ. 2001లో ఆంత్రాక్స్ ఉత్తరాలు వచ్చినప్పటి నుంచి వాషింగ్టన్‌కు వెళ్లే టపాను వేరేచోట రేడియేషన్‌తో శుద్ధి చేసి పరీక్షించాకే కార్యాలయాలకు పంపుతారు. 2024 ఏప్రిల్ 20న ఇజ్రాయెల్ సహాయ బిల్లుపై ప్రతినిధుల సభలో ఓటింగు జరిగింది. ఆ బిల్లులో మానవతా సహాయం మాట మరువవద్దని వేడుకుంటూ ఒక పెద్దాయన అందమైన చేతిరాతతో రాసిన ఉత్తరం మే రెండో వారంలో చేరిందని, కాగితం పసుపుబారి, మడత దగ్గర విరిగిపోయి ఉందని, అక్కడ పనిచేసే స్నేహితురాలు ఫోన్‌లో చెప్పి చాలాసేపు మాట్లాడలేకపోయింది. సభ్యుని వెబ్‌సైటులోని ఫారంలో రాయండి, లేదా నియోజకవర్గ కార్యాలయానికి స్వయంగా వెళ్లి ఇవ్వండి.

ఇంటి చిరునామా, జిప్ కోడ్ ఇవ్వడం ప్రమాదమన్నది మరొకటి. అవి లేకపోతే మీరు ఆ నియోజకవర్గం వారని తెలియదు, తెలియకపోతే ఉత్తరాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఆ నర్సు ఉత్తరాన్ని ఫారం ద్వారానే పంపాము. పదకొండు రోజుల తర్వాత వాషింగ్టన్ కోడ్ అయిన 202తో మొదలయ్యే నంబరు నుంచి ఆవిడకు మూడుసార్లు ఫోన్ వచ్చింది. ఇమిగ్రేషన్ పేరు చెప్పి డబ్బు గుంజే మోసగాళ్లేమోనన్న భయంతో ఆవిడ ఎత్తలేదు. వాయిస్‌మెయిల్ విని నాకు వినిపించారు. విదేశీ వ్యవహారాలు చూసే సిబ్బంది ఒకరు, సభ్యుడు ఆ ఉత్తరం చదివారని, నియోజకవర్గానికి వచ్చినప్పుడు కలవాలనుకుంటున్నారని, వీలైతే ఆ డాక్టరును కూడా వెంట తీసుకురమ్మని చెప్పారు. మరుసటి నెలలో ఒక శుక్రవారం ఉదయం, రాత్రి డ్యూటీ ముగించుకుని, యూనిఫాం కూడా మార్చుకోకుండా ఇద్దరూ కలిసి వెళ్లారు.