అపోహలు - వాస్తవాలు: బట్టలకు వేణ్నీళ్లా, చన్నీళ్లా?

మా తాత గోదావరి రేవులో బట్టలుతికేవాడు. నాన్న ఇస్త్రీ బండి నడిపాడు. నేను 19 ఏళ్లుగా రాజమండ్రిలో లాండ్రీ నడుపుతున్నాను. పాడైపోయాక నా దగ్గరికి వచ్చే బట్టల్లో సబ్బు వల్ల పాడైనవి తక్కువ, వేడి వల్ల పాడైనవి ఎక్కువ. వాటిని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నీళ్లు ఎంత వేడిగా ఉంటే మరక అంత బాగా పోతుంది.

జిడ్డు వరకూ ఇది నిజం. నెయ్యి ఒంటి వేడికే కరుగుతుంది. కాలరుకు పట్టే ఒంటి జిడ్డు 40 డిగ్రీల నీళ్లలో బాగా వదులుతుంది. కానీ రక్తం, పెరుగు, గుడ్డు, చంటిపిల్లలు కక్కిన పాలు వేరే రకం. వాటిలో ఉండేది ప్రొటీను. గుడ్డు మరిగే నీళ్లలో గట్టిపడినట్టే, ఈ మరకా దారంలోనే గట్టిపడిపోతుంది.

పోయిన వేసవిలో ఒకావిడ తెల్ల దుప్పటి తెచ్చారు. ఎండకి పిల్లాడి ముక్కు అదిరి రక్తం పడిందట. గీజరు నీళ్లు పట్టి అందులో నానబెట్టారు. నా చేతికి వచ్చేసరికి రూపాయి బిళ్లంత మచ్చ, తుప్పు రంగులో, అంచులు ముదురుగా ఉంది. వేలితో రాస్తే గరుకుగా తగిలింది. ఎంజైమ్ (మరకలోని ప్రొటీనును ముక్కలు చేసే పదార్థం) ఉన్న పౌడరు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రెండు రాత్రులు నానబెట్టాను. సగమే తేలింది. పడిన వెంటనే గుడ్డను తిరగేసి, మరక వెనకవైపు నుంచి చన్నీళ్లు ధారగా పోసి ఉంటే అయిదు నిమిషాల పని.

ఎంజైమ్ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఇప్పటి పౌడర్లలో చాలావాటికి అవే బలం. అవి గోరువెచ్చని నీళ్లలోనే బాగా పనిచేస్తాయి. మరీ వేడి నీళ్లు పోస్తే చాలా రకాల ఎంజైములు దెబ్బతింటాయి. ఖరీదైన పౌడరు కొని, దాని పనిని మనమే చెడగొట్టుకుంటున్నాం.

అపోహ: పాతకాలంలో ఉడకబెట్టే ఉతికేవారు, అప్పుడేమీ కాలేదుగా!

మా తాత బాన (బట్టలకు ఆవిరి పట్టించే పెద్ద కుండ) నేను చిన్నప్పుడు చూశాను. చౌడు మట్టి కలిపిన నీళ్లలో ముంచిన పంచెలు, దుప్పట్లు దాని మీద పేర్చి ఆవిరి పట్టించేవాడు. చౌడులో క్షారం ఉంటుంది. క్షారానికి వేడి తోడైతే జిడ్డు సబ్బుగా మారి నీళ్లలో కలిసిపోతుంది. కానీ బాన ఎక్కేవి తెల్లని నూలు బట్టలే. నూలు మరిగే నీళ్లకూ తట్టుకుంటుంది. రంగు చీరలు, పట్టు ఆయన దాని దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు.

ఇప్పుడు మన బీరువాల్లో సగం పాలిస్టరు కలిసినవే. వేడికి అది మెత్తబడి, మెషీన్లో పడ్డ ముడతలు అలాగే బిగుసుకుంటాయి. లెగ్గింగుల్లో సాగే దారం వేడికి బిగువు కోల్పోతుంది. పట్టు, ఉన్ని 30 డిగ్రీలు దాటించొద్దు. గద్వాల చీర ఒళ్లు నూలే అయినా అంచు పట్టు కాబట్టి, అంచును చూసి నీళ్లు పోయాలి.

అపోహ: ఉప్పు వేసిన వేణ్నీళ్లలో ముంచితే రంగు దిగదు.

అద్దకం తొట్టెలో ఉప్పు పనికొస్తుంది, రంగు దారానికి పట్టడానికి. ఇంటికొచ్చిన చీరలో అంటకుండా మిగిలిన రంగును అది అతికించలేదు. వేడి దాన్ని ఇంకా దింపుతుంది. మొదటి రెండు మూడు ఉతుకులూ విడిగా, చన్నీళ్లలో, నానబెట్టకుండా జాడించి నీడన ఆరేయండి.

అపోహ: ఆవకాయ మరకకు మరిగే నీళ్లే మందు.

అది ఒక మరక కాదు, నూనె, పసుపు, కారం కలిసి ఉంటాయి. ముందు చెంచాతో గుజ్జు ఎత్తేయండి, రుద్దకండి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగి, 40 డిగ్రీల నీళ్లలో ఉతకండి. నూనె పోతుంది. బట్టల సబ్బు తగిలి మచ్చ ఎర్రబడితే టెన్షన్ పడొద్దు. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టే అదీ, జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఆ పచ్చదనాన్ని తీసేది ఎండ. తెల్లబట్టయితే తడిగా ఉండగానే మరక పైకి కనబడేలా ఆరేయండి.

అపోహ: వేణ్నీళ్లలో ఉతికితే క్రిములన్నీ చచ్చినట్టే.

40 డిగ్రీలకు చావవు. దుమ్ములో ఉండే, కంటికి కనబడనంత చిన్న పురుగులు (డస్ట్ మైట్లు) చావాలన్నా, ఇంట్లో గజ్జి వచ్చినవాళ్ల దుప్పట్లు ఉతకాలన్నా 60 డిగ్రీలు పెట్టండి. హీటరున్న మెషీను అయితేనే ఆ వేడి నిలుస్తుంది, బకెట్లో పోసిన గీజరు నీళ్లు చూస్తుండగానే చల్లారిపోతాయి. రోజువారీ బట్టలకు ఇది అక్కర్లేదు. 15 లీటర్ల నీళ్లను 28 నుంచి 60 డిగ్రీలకు కాచడానికే అర యూనిట్ పైగా కరెంటు పడుతుంది. 40కి అయితే ఇంచుమించు 0.2 యూనిట్.

లేబుల్ మీద తొట్టె బొమ్మలో 60 అని ఉంటే 60లోనే ఉతకమని కాదు. అంతకు మించొద్దని.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి, చన్నీళ్లలో పౌడరు ముద్దలుగా మిగిలిపోతోందంటారు. అక్కడ చలికాలంలో పంపు నీళ్లు చెయ్యి కొరికేస్తాయి, పౌడరు సరిగ్గా కరగదు. వాళ్లు 30 డిగ్రీలు పెట్టుకోవాలి, లేదా లిక్విడ్ వాడుకోవాలి. మనకు పంపు నీళ్లే ఏడాదిలో చాలా నెలలు దాదాపు ఆ వేడిలో ఉంటాయి. మే నెల మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకు నీళ్లు విప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేళ రక్తం మరక పడితే పంపు కిందికి పరిగెత్తకండి. కుండలోని చల్లని నీళ్లు మరక మీద పోయండి.