ఆయా పని గంటలు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పన్నెండేళ్లు ఆయాగా పని చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇచ్చి ఇళ్లలో కుదురుస్తున్నాను. కుదిర్చిన రెండు మూడు నెలలకు నాకు ఫోన్లు మొదలవుతాయి. వాటిలో జీతం గొడవలు తక్కువ, గంటల గొడవలే ఎక్కువ. తల్లిదండ్రులిద్దరివీ ఊపిరి సలపని ఉద్యోగాలైతే ఆయా రోజు కూడా పొడుగవుతుంది. అది తప్పని నేననను. ఆ పొడుగెంతో ఎవరూ లెక్కపెట్టకపోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

అపోహ: పాప పడుకున్నంతసేపూ ఆయాకు విశ్రాంతే కదా!

వాస్తవం: మూడు నెలల్లోపు పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు. ఈ మాటే నిజమైతే పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆయాకు పనే లేనట్టు! పాప నిద్రలో ఉన్నా ఆమె చెవి అటే ఉంటుంది. వెల్లకిలా ఉందా, ముఖం మీదికి గుడ్డ ఏమైనా జారిందా అని మధ్యమధ్య చూసి రావాలి. ఆ సందులోనే సీసాలు మరిగించాలి, బట్టలు మడతపెట్టాలి. గడప దాటడానికి లేదు, ఒళ్లు మరిచి కన్ను మూయడానికీ లేదు. బిడ్డ బాధ్యత ఇంకొకరు తీసుకున్నప్పుడే అది విశ్రాంతి అవుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం కూడా ఇదే దారిలో ఉంది. తన ఇష్టానికి వాడుకునే వీలు లేకుండా, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే సమయాన్ని ఏ దేశానికి ఆ దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు పని గంటలుగానే చూడాలంటుంది. వారంలో కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలనీ, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లు ఆ విశ్రాంతి సమయంలో ఆ ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టకూడదనీ చెబుతుంది.

అపోహ: 'ఇంకో పది నిమిషాలు' ఏమంత పెద్ద విషయం?

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ సంబంధాలు చెడింది ఈ పది నిమిషాల దగ్గరే. నేను పని చేసిన ఒక ఇంట్లో బాబుకు పద్నాలుగు నెలలు. సాయంత్రం ఏడింటికి నా పని అయిపోవాలి. ఏడు కాగానే సంచి భుజాన వేసుకుని, బాబును చంకనెత్తుకుని తలుపు దగ్గర నిలబడేదాన్ని. తల్లి మంచి మనిషి. పరుగున వచ్చేది, బాబును అందుకునేది. అంతలో ఫోన్ మోగేది. "ఒక్క నిమిషం, ఈ కాల్ ఒక్కటీ..." అంటూ మళ్లీ నా చేతుల్లోకే ఇచ్చేది. బాబు ఏడుపందుకునేవాడు. నేను భుజాన ఉన్న సంచి దింపేదాన్ని. రోజూ ఇరవై ఐదు నిమిషాలైనా పట్టేది. వారానికి ఆరు రోజులంటే రెండున్నర గంటలు, నెలకు పది గంటల పైనే. నోరు తెరిచి అడగలేక లోలోపల కుమిలిపోయి, చివరికి ఆ ఇల్లే మానేశాను. మానేసిన రోజు బాబు నా కొంగు వదల్లేదు. ముందే అడిగి ఉంటే ఆమె తప్పకుండా సర్దుకునేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు కుదిర్చే ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టిస్తాను. వచ్చిన టైం, వెళ్లిన టైం అందులో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. వారం చివర కూడుకుని, ఎక్కువైన గంటలకు అదే వారం డబ్బో సెలవో ఇచ్చేయాలి. తర్వాత చూద్దామంటే అది బాకీగానే మిగిలిపోతుంది. ఆలస్యమవుతుందని తెలిస్తే గంట ముందే మెసేజ్ పెట్టాలి, "ఉండగలవా?" అని అడగాలి. వీలు కాదంటే వచ్చి పాపను చూసుకునే రెండో మనిషి పేరు కూడా అదే పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. పాప తిన్నదీ పడుకున్నదీ అప్పజెప్పే పావుగంటను కూడా పనిలోనే లెక్కేయాలి.

అపోహ: రోజంతా ఆయా దగ్గరే ఉంటే బిడ్డ అమ్మను మరిచిపోతుంది.

వాస్తవం: ఈ భయం తల్లులు నాతో గొంతు తగ్గించి చెబుతారు. 1964లో గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను గమనించి షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు రాసినదాని ప్రకారం, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకు ఒకరికి మించే దగ్గరివాళ్లుంటారు. అమెరికాలో 1991లో మొదలై వెయ్యిమందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనంలో కూడా, ఇతరుల సంరక్షణలో ఉన్నంత మాత్రాన తల్లితో బంధం బలహీనపడలేదు. తల్లి బిడ్డ సైగలను ఎంతగా అందుకుంటుందన్నదే ముఖ్యమని తేలింది. ఈ భయంతో ఆరేసి నెలలకు ఆయాను మార్చే ఇళ్లను చూశాను. పిల్లలను నిజంగా కుదిపేసేది ఆ మార్పులే.

అపోహ: జీతం బాగా ఇస్తే ఎన్ని గంటలైనా చేస్తారు.

వాస్తవం: అవసరం ఉన్న మనిషి చేస్తానంటుంది. ఒళ్లు మాత్రం ఒప్పుకోదు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక పరిశోధన చూపింది. తెల్లవారుజామున ఐదింటికి లేచిన ఆయాకు ఆ 17 గంటలు రాత్రి పదికి నిండుతాయి. అలసిన చేతులతో బిడ్డకు స్నానం చేయించడం, సోఫాలో ఒడిలో వేసుకుని జోకొడుతూ తానే కునికిపాట్లు పడడం ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పక్కర్లేదు.

పన్నెండు గంటలు దాటే రోజులు తరచూ ఉంటే ఇద్దరిని పెట్టుకోండని ఖచ్చితంగా చెబుతాను. ఒకరు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, ఇంకొకరు అక్కణ్నుంచి. పాపకు ఇద్దరూ అలవాటయ్యేదాకా మొదటి రెండు వారాలూ మధ్యాహ్నం ఒక గంట ఇద్దరూ కలిసే ఉండాలి.