చెల్లి ఏడిస్తే కోప్పడకండి

ప్రియమైన పిల్లలూ,

చెల్లి నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చిందని దాన్ని కోప్పడ్డారట, మీ అమ్మ చెప్పింది. నాకేం బాధ లేదర్రా! ఎనిమిది నెలల పిల్లకు తనవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో తెలుస్తోందన్నమాట. పుట్టిన కొత్తలోనే అమ్మ గొంతు గుర్తుపట్టేది గానీ, అప్పట్లో ఎవరెత్తుకున్నా ఊరుకునేది. ఇప్పుడు అలా కాదు. ఈసారి నేను వస్తే తెచ్చి నా ఒళ్లో పడేయకండి. అమ్మ చంకలోంచే కాసేపు నన్ను చూడనివ్వండి, తర్వాత అదే వస్తుంది.

చిన్నోడు అడిగాడట, "దానికి అన్నం పెట్టేది నేను కాదు కదా, మరి నా వెంటెందుకు పడుతుంది?" అని. మంచి ప్రశ్న. కడుపు నింపేవాళ్లకే పిల్లలు మాలిమి అవుతారని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. అమెరికాలో హ్యారీ హార్లో అనే ఆయన కోతిపిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి, రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగలది, ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టినది. పాలసీసా తీగల బొమ్మకు ఉన్నా సరే, పిల్లలు తాగేసి వచ్చి గుడ్డబొమ్మనే కరుచుకునేవి. భయమేసినా దాని దగ్గరికే పరుగు. 1958లో ఆయన ఈ సంగతి లోకానికి చెప్పాడు. ఆ కోతిపిల్లల మీద జాలేస్తుంది నాకు. పెద్దయ్యాక అవి తోటి కోతులతో కలవలేకపోయాయి.

కోతుల సంగతి అలా ఉంచండి. స్కాట్లాండులోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు 60 మంది పసిపిల్లల్ని ఏడాదిన్నర వయసు వరకు గమనించి 1964లో రాశారు. చాలామంది పిల్లలు అమ్మ ఒక్కతికే కాదు, నాన్నకు, తాతామామ్మలకు, అన్నలకు, అక్కలకు కూడా దగ్గరయ్యారు. తిండి పెట్టడం, రోజంతా పక్కన ఉండటం అంత ముఖ్యం కాలేదు. పిలిస్తే పలికేవాళ్ల మీదే పిల్లలకు మక్కువ.

చిన్నోడా, నువ్వు చేసేది అదే. అది "ఊ" అంటే నువ్వూ "ఊ" అంటావు, అది నవ్వితే నవ్వుతావు. "ఎత్తుకుంటే మరుగుతుంది, దించనివ్వదు" అనే పెద్దవాళ్ల మాట పట్టించుకోకు. అలాగని హోంవర్కు మానేసి దాని వెంటే తిరగమనడం లేదు. ప్రతి పిలుపుకీ లేవలేకపోయినా ఫరవాలేదు. కూర్చున్న చోటి నుంచే దానివైపు చూసి ఒక మాట అను.

ఇట్లు,
మీ అమ్మమ్మ