పేగు కుళ్లే జబ్బు: డబ్బా పాల నుంచి పాల బ్యాంకు దాకా

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండు మూడు వారాలు దాటి, ఇక గండం గడిచిందని ఇంటివాళ్లు అనుకునే వేళ పొట్ట ఉబ్బుతుంది. పాలు పట్టే గొట్టంతో పొట్టలోంచి వెనక్కి లాగితే పాలకు బదులు పచ్చని పసరు వస్తుంది. మలంలో నెత్తురు పడుతుంది. వైద్యులు ‘నెక్’ అని పిలిచే నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ ఇదే. పేగు గోడ వాచి, కుళ్లి, ముదిరితే చిల్లు పడుతుంది.

ఒకప్పుడు అంత చిన్న బిడ్డలు ఈ జబ్బు వచ్చేదాకా బతకడమే అరుదు. 1960లలో న్యూయార్క్ వైద్యులు దీన్ని విడిగా వర్ణించారు. ఎక్స్‌రేలో పేగు గోడ లోపల గాలి కనబడటమే ఆనవాలు. 1978లో వైద్యుడు బెల్ బృందం జబ్బు తీవ్రతను బట్టి చేసిన మూడు దశల విభజన కొద్ది మార్పులతో నేటికీ నడుస్తోంది. చికిత్స కూడా పెద్దగా మారలేదు: పాలు ఆపడం, పొట్టలో గాలి తీయడం, యాంటీబయాటిక్స్, నరం ద్వారా పోషకాలు, చిల్లు పడితే ఆపరేషన్.

పాలు పట్టాకే జబ్బు వస్తోందని గమనించి, చాలాచోట్ల బిడ్డలను రోజుల తరబడి పస్తు ఉంచారు. భయం సహజమే కానీ, పని లేని పేగు మరింత బలహీనపడుతుంది. అసలు తేడా ఏ పాలు అన్నదానిలో ఉందని 1990లో బ్రిటన్‌లో పరిశోధకులు లూకాస్, కోల్ చూపారు. తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డలకంటే డబ్బా పాలు మాత్రమే తాగిన బిడ్డల్లో ఈ జబ్బు 6 నుంచి 10 రెట్లు ఎక్కువ. పేగుకు మేలు చేసే సూక్ష్మజీవులైన ప్రోబయాటిక్స్‌పై ఆశలున్నా, 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక తర్వాత వైద్యులు ఆచితూచి అడుగేస్తున్నారు.

లూకాస్, కోల్ లెక్కలకు ముందే, 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో, తల్లులు దానమిచ్చిన పాలను నిల్వ చేసే తల్లిపాల బ్యాంకు మొదలైంది. యువరాణి నీలోఫర్ పేరుతో 1953 నుంచి ఉన్న హైదరాబాద్ పిల్లల ఆసుపత్రిలో ‘ధాత్రి’ బ్యాంకు 2017లో వచ్చింది. దాతకు రక్త పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి నిల్వ చేస్తారు. ఆ వేడికి కొన్ని రక్షక గుణాలు పోతాయి కాబట్టి ఇది రెండో ఎంపికే.

మొదటిది కన్నతల్లి పాలు. చిక్కు అక్కడే. జిల్లాలో సిజేరియన్ అయిన తల్లి అక్కడే మంచం మీద ఉంటే, బిడ్డ ఒక్కటే అంబులెన్స్‌లో నగరానికి వస్తుంది. ‘పాలు పడలేదు’ అన్న పెద్దల మాటతో ముర్రుపాలు పిండి పంపే ఆలోచనే ఎవరికీ రాదు. చుక్కలు చుక్కలుగా వచ్చే ఆ పాలను మొదటి గంటల్లోనే చేత్తో తీయడం తల్లికి నేర్పాల్సింది కాన్పు చేసిన ఆసుపత్రే.